ఇసుక, అభ్రకం, ఉప్పు: పరమాణు నిర్మాణానికి తొలి పాఠం

సంగం దగ్గర పెన్నా నది మేట వేసే ఇసుక, దక్షిణాన సైదాపురం, గూడూరు ప్రాంతాల గనుల్లో తవ్వి తీసే అభ్రకం, తూర్పు తీరం వెంట ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పుకయ్యల్లో పేరుకొనే ఉప్పు నెల్లూరు సీమలో అందరికీ తెలిసిన పదార్థాలే అయినా, వాటి గుణాలు ఒకదానితో ఒకటి ఏమాత్రం కలవవు. ఇసుక రేణువు గాజును గీయగలిగినంత గట్టిది, నీటిలో ఎంతకాలం నానినా కరగదు. మైకా అని వ్యవహరించే అభ్రకం గోటితో ఒలిచినా పొరలు పొరలుగా విడివడుతుంది, కాగితం కంటే పలుచనైన ఆ పొర విద్యుత్తును తనగుండా పోనివ్వదు, పొయ్యి మంటకు కాలదు. ఉప్పు నీటిలో పడిన కొద్దిసేపటికే కనబడకుండా పోయి, ఆ నీరు ఎండకు ఇగిరిపోగానే మళ్ళీ గడ్డకడుతుంది. ఈ తేడాలకు కారణం పైపైన చూస్తే దొరకదు. పదార్థానికి మూలమైన పరమాణువు నిర్మాణంలో దానిని వెదకాలి. విజ్ఞానశాస్త్రంలో తొలి అడుగులు వేస్తున్న విద్యార్థులకు ఆ నిర్మాణాన్ని వారి చుట్టుపక్కల దొరికే వస్తువుల ఆధారంగా పరిచయం చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా మూడు పారిభాషిక పదాలను వేరుపరచుకోవాలి. ఏ రసాయన ప్రక్రియ ద్వారానూ అంతకంటే సరళమైన పదార్థాలుగా విడగొట్టడానికి వీలుకాని పదార్థాన్ని మూలకం అంటారు. ఇనుము, బంగారం, ఆక్సిజన్, సిలికాన్ అటువంటివి. రెండు లేదా అంతకు మించిన మూలకాలు నిర్దిష్టమైన నిష్పత్తిలో రసాయనికంగా కలిసి ఏర్పడిన పదార్థం సమ్మేళనం. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ల సమ్మేళనం, అందులో వాటి బరువుల నిష్పత్తి ఎక్కడి నీటిలోనైనా దాదాపు 1కి 8గానే ఉంటుంది. పదార్థాలు ఏ నిష్పత్తిలోనైనా కలిసి, తమ గుణాలను కోల్పోకుండా ఉంటే అది మిశ్రమం. వరద రోజుల్లో పెన్నలో పారే ఎర్రనీరు నీరు, ఒండ్రు, కరిగిన లవణాలు కలిసిన మిశ్రమమే. ఇప్పటివరకు గుర్తించిన మూలకాలు 118. వీటిలో ప్రకృతిలో దొరికేవి తొంభైకి పైగా ఉండగా, మిగిలినవి ప్రయోగశాలల్లో తయారైనవి. మూలకాలు ఇన్ని ఉన్నా భూమి పైపొర బరువులో సుమారు 46 శాతం ఆక్సిజన్‌దే, 28 శాతం సిలికాన్‌దే, 8 శాతం అల్యూమినియంది. కొన్ని మూలకాలే ఇంత పెద్ద పాలు పంచుకొన్నా రాళ్ళలో, మట్టిలో ఇంత వైవిధ్యం ఉందంటే, ఏ మూలకాలున్నాయన్న ప్రశ్నతో పాటు అవి ఏ విధంగా కూడి ఉన్నాయన్న ప్రశ్న కూడా ముఖ్యమని గ్రహించాలి.

మూలకాన్ని చిన్న చిన్న భాగాలు చేసుకుంటూ పోతే, ఆ మూలకపు గుర్తింపును నిలుపుకొన్న అతి చిన్న కణంగా చివరికి మిగిలేది పరమాణువు. ఈ ఊహ భారతీయ తర్కశాస్త్రానికి కొత్తది కాదు. కణాదుడి వైశేషిక దర్శనం దానిని ప్రతిపాదించగా, 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం తర్కం నేర్చుకునే పిల్లలకు తొలి పుస్తకంగా దేశమంతటా వ్యాపించి ఆ భావనను పాఠంగా నిలిపింది. అయితే ఆ సంప్రదాయంలో పరమాణువులు పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు ద్రవ్యాలకు సంబంధించినవి, వాటి ఉనికిని నిలబెట్టింది తర్కం. తూనిక ఆధారంగా పరమాణువును ప్రతిపాదించిన ఘనత ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్‌ది. మూలకాలు ఎప్పుడూ నిర్దిష్ట నిష్పత్తుల్లోనే కలవడానికి కారణం, ప్రతి మూలకానికీ తనదైన బరువు గల పరమాణువులు ఉండడం, అవి పూర్ణసంఖ్యలలో జత కూడడమే అని ఆయన 1808లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. పరమాణువు ఎంత చిన్నదో అంచనా వేయడానికి అర మిల్లీమీటరు అడ్డుకొలత గల ఒక్క ఇసుక రేణువును తీసుకుంటే చాలు. అందులోని పరమాణువుల సంఖ్య సుమారు 5 పక్కన 18 సున్నాలు పెట్టినంత ఉంటుంది.

డాల్టన్ దృష్టిలో పరమాణువు విడదీయరానిది. ఆ అభిప్రాయం 1897లో మారింది. గాలి దాదాపు పూర్తిగా తీసివేసిన గాజు గొట్టంలో విద్యుత్తును ప్రసరింపజేసి పరిశోధించిన జె. జె. థామ్సన్, పరమాణువు కంటే ఎంతో తేలికైన, రుణావేశం గల కణాలు అన్ని పదార్థాలలోనూ ఉన్నాయని తేల్చాడు. వాటినే ఎలక్ట్రాన్లు అంటారు. పరమాణువుకు మొత్తం మీద ఆవేశం ఉండదు కాబట్టి, ఎలక్ట్రాన్ల రుణావేశాన్ని సరితూచే ధనావేశం అందులో ఎక్కడో ఉండి తీరాలి. ఆ చోటును కనుగొన్న ప్రయోగం మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పర్యవేక్షణలో జరిగింది. 1909లో గైగర్, మార్స్‌డెన్ అనే ఆయన సహచరులు రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే, ధనావేశం గల ఆల్ఫా కణాలను పలుచని లోహపు రేకులపైకి పంపారు. గాజు గొట్టంలో నింపిన రేడియోధార్మిక వాయువు తప్పించుకోకుండా, ఆల్ఫా కణాలు మాత్రం బయటికి వచ్చేలా ఆ గొట్టం మూతికి వారు అమర్చింది అభ్రకపు రేకునే. పలుచగా ఒలిచినా గాలి చొరకుండా గట్టిగా నిలిచే గుణం వల్ల ఆ ఖనిజం అక్కడ పనికివచ్చింది. కణాలలో అత్యధికం రేకుగుండా నేరుగా దూసుకుపోగా, వేలల్లో ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. వేగంగా వచ్చే కణాన్ని వెనక్కి మళ్ళించాలంటే ధనావేశమూ, బరువూ ఒకే చిన్న చోట కూడి ఉండాలని 1911లో రూథర్‌ఫర్డ్ నిర్ధారించాడు. ఆ చోటే కేంద్రకం.

ఆ తరువాతి పరిశోధనలు కేంద్రకంలో రెండు రకాల కణాలున్నాయని చూపాయి. ధనావేశం గలది ప్రోటాన్. ఆవేశమేదీ లేనిది న్యూట్రాన్, దీనిని 1932లో జేమ్స్ చాడ్విక్ కనుగొన్నాడు. ఈ రెండింటి బరువు దాదాపు సమానం. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్ బరువులో 1836వ వంతు మాత్రమే కాబట్టి పరమాణువు బరువంతా దాదాపుగా కేంద్రకానిదే. కానీ పరిమాణంలో కేంద్రకం అత్యల్పం. ఒక సిలికాన్ పరమాణువు పెరిగి పెరిగి కిలోమీటరు అడ్డుకొలతతో పెన్నలో ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకుందని ఊహిస్తే, దాని కేంద్రకం నడి ఏటిలో పడి ఉన్న మూడు సెంటీమీటర్ల గులకరాయి అంత ఉంటుంది. మిగిలిన విస్తీర్ణమంతటా ఉండేవి 14 ఎలక్ట్రాన్లే. ఆల్ఫా కణాలలో అత్యధికం అడ్డులేకుండా సాగిపోవడానికి కారణం ఇదే.

కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను పరమాణు సంఖ్య అంటారు. మూలకానికి గుర్తింపునిచ్చేది ఆ సంఖ్యే. 8 ప్రోటాన్లున్న పరమాణువు ఎక్కడ ఉన్నా ఆక్సిజన్. 11 ఉంటే సోడియం, 13 ఉంటే అల్యూమినియం, 14 ఉంటే సిలికాన్, 17 ఉంటే క్లోరిన్, 19 ఉంటే పొటాషియం. ఒక్క ప్రోటాన్ తేడాతో అల్యూమినియం అనే లోహం, సిలికాన్ అనే అర్ధవాహకం పక్కపక్కన నిలిచాయి. ఈ సంఖ్యను ప్రయోగంతో కొలవడానికి ఎక్స్ కిరణాల సాయంతో 1913లో దారి చూపినవాడు హెన్రీ మోస్లే. అంతకు ముందు 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్, అప్పటికి తెలిసిన అరవైకి పైగా మూలకాలను పరమాణు భారాల క్రమంలో పేర్చి, ఒకే రకమైన గుణాలు కొంత వ్యవధితో మళ్ళీ మళ్ళీ కనిపించడం గమనించి ఆవర్తన పట్టికను రూపొందించాడు. అందులో అక్కడక్కడ భారాల వరుసకూ, గుణాల వరుసకూ పొత్తు కుదరని చోట్లు ఉండగా, ప్రోటాన్ల సంఖ్య ప్రకారం పేర్చిన తరువాత ఆ చిక్కు విడిపోయింది.

ప్రోటాన్లు సమానంగా ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారితే మూలకం మారదు, బరువు మాత్రమే మారుతుంది. అటువంటి పరమాణువులను ఒకదానికొకటి ఐసోటోపులు అంటారు. ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం ద్రవ్యరాశి సంఖ్య. ప్రకృతిలోని క్లోరిన్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్రవ్యరాశి సంఖ్య 35 గలవి, మిగిలినవి 37 గలవి. అందువల్లనే పట్టికలో క్లోరిన్ భారం 35.45 అని కనిపిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లిలో తవ్వి తీస్తున్న యురేనియం పరమాణువులన్నింటిలోనూ ప్రోటాన్లు 92; వాటిలో 99 శాతానికి పైగా ద్రవ్యరాశి సంఖ్య 238 గలవి, అణువిద్యుత్తుకు కీలకమైన 235 రకం 0.7 శాతం మాత్రమే. అభ్రకంలో ఉండే పొటాషియంలోనూ అతి స్వల్పంగా 40 రకం పరమాణువులు ఉన్నాయి; అవి రేడియోధార్మికత గలవి, వాటి అర్ధాయువు, అంటే వాటిలో సగం మరో మూలకంగా మారిపోవడానికి పట్టే కాలం, 125 కోట్ల సంవత్సరాలు. ఆ పరమాణువులలో కొంత భాగం ఆర్గాన్ వాయువుగా మారి ఖనిజం లోపలే చిక్కుకొని ఉండిపోతుంది కాబట్టి, ఎంత పొటాషియం మిగిలి ఉందో, ఎంత ఆర్గాన్ చేరిందో కొలిచి భూవిజ్ఞానులు శిల వయస్సును గణిస్తారు.

కేంద్రకం మూలకాన్ని నిర్ణయిస్తే, ఆ మూలకం ఏ వెలుగును వెదజల్లుతుంది, దేనితో ఎలా కలుస్తుంది అన్నవి ఎలక్ట్రాన్ల అమరికపై ఆధారపడి ఉంటాయి. 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఎలక్ట్రాన్లు నిర్దిష్ట శక్తిస్థాయిలలోనే ఉండగలవు. ఈ స్థాయిలను కర్పరాలు అంటారు. పై స్థాయి నుంచి కింది స్థాయికి ఎలక్ట్రాన్ దిగినప్పుడు, ఆ రెండింటి మధ్య ఉన్న శక్తి తేడాకు సరిపడే రంగు గల కాంతి వెలువడుతుంది. ప్రతి మూలకానికీ శక్తిస్థాయిల వరుస వేరు కాబట్టి, వేడెక్కిన వాయువు కాంతిని పట్టకం ద్వారా విడదీస్తే ఆ మూలకానికే ప్రత్యేకమైన ప్రకాశవంతమైన గీతలు కనిపిస్తాయి. చిటికెడు ఉప్పును మంటలో వేస్తే మంట పసుపురంగుకు తిరగడం సోడియం గీతల ప్రభావమే. నేటి సిద్ధాంతంలో ఎలక్ట్రాన్లకు గ్రహాల వంటి కచ్చితమైన దారులు లేవు, అవి ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్నది మాత్రమే గణితం చెబుతుంది. అయినా శక్తిస్థాయిల భావన నేటికీ నిలిచే ఉంది.

ఈ గీతల అధ్యయనంలో ఒక ముఖ్య ఘట్టం తెలుగు నేల మీద జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కోస్తాంధ్ర మీదుగా సాగినప్పుడు ఫ్రెంచి ఖగోళవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలోనూ వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యబింబం అంచున ఎగసిన జ్వాలల కాంతిలో హైడ్రోజన్ గీతలతో పాటు ఒక పసుపు గీత కూడా పరిశీలకుల దృష్టికి వచ్చింది. ఆ గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉండడం గమనించిన జాన్సెన్, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని గ్రహించి, మరునాడే గుంటూరులో ఆ పని చేసి చూపాడు. కొద్ది వారాలకు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా అదే పద్ధతిని స్వతంత్రంగా సాధించాడు. పసుపు గీత సోడియం గీతలకు దగ్గరగా ఉన్నప్పటికీ వాటి స్థానంలో లేదని కొలతలు తేల్చడంతో, అది భూమిపై తెలియని మూలకానిదని లాకియర్ భావించి దానికి హీలియం అని పేరు పెట్టాడు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీతను చూడగలిగాడు. యురేనియం ఖనిజంలో హీలియం ఎందుకుందో తరువాత తెలిసింది. యురేనియం విడుదల చేసే ఆల్ఫా కణం 2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు గల హీలియం కేంద్రకమే, అది రెండు ఎలక్ట్రాన్లను అందిపుచ్చుకోగానే హీలియం పరమాణువు అవుతుంది. రూథర్‌ఫర్డ్ ప్రయోగంలో లోహపు రేకును తాకినవీ ఈ కేంద్రకాలే.

హీలియం ఏ మూలకంతోనూ సులభంగా కలవకపోవడానికి కారణం దాని రెండు ఎలక్ట్రాన్లతో మొదటి కర్పరం నిండిపోవడం. పరమాణువుల కలయికకు ఇదే తాళంచెవి. మొదటి కర్పరంలో 2 ఎలక్ట్రాన్లు పడతాయి. ఆ తరువాత బయటి కర్పరంలో 8 ఎలక్ట్రాన్లు ఉండడం స్థిరమైన అమరిక. సోడియంలో ఎలక్ట్రాన్లు 2, 8, 1గా అమరి ఉండి, బయటి ఒక్కదానిని వదులుకోవడం దానికి తేలిక. క్లోరిన్‌లో 2, 8, 7గా ఉండి, ఒక్కటి చేరితే బయటి అమరిక పూర్తవుతుంది. సోడియం నీటితో ఎంత తీవ్రంగా చర్య జరుపుతుందంటే ప్రయోగశాలలో దానిని కిరోసిన్‌లో ఉంచుతారు, క్లోరిన్ విషవాయువు. సోడియం ఇచ్చిన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ తీసుకున్నప్పుడు మొదటిది ధనావేశం గల అయాన్, రెండోది రుణావేశం గల క్లోరైడ్ అయాన్ అవుతాయి. విరుద్ధ ఆవేశాల ఆకర్షణతో అవి ఒక్కొక్క సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కొక్క క్లోరైడ్ అయాన్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉండేలా పేర్చుకొని ఉప్పు స్ఫటికం ఏర్పడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఏర్పడిన ప్రతి నీటి అణువులోనూ ఒక కొసన స్వల్ప ధనావేశం, మరో కొసన స్వల్ప రుణావేశం ఉండడంతో ఆ అణువులు ఈ అయాన్లను ఒక్కొక్కటిగా చుట్టుముట్టి విడదీస్తాయి. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఈ విధంగా విడివడి ఉంటాయి. కయ్యలో నీరు ఇగిరిపోయినప్పుడు అయాన్లు మళ్ళీ వరుసకట్టక తప్పదు.

ఇసుక సంగతి వేరు. పెన్న ఇసుకలో ప్రధానమైన క్వార్ట్జ్‌లో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పంచుకుంటాయి. ఇటువంటి కలయికను సమయోజనీయ బంధం అంటారు. బయటి కర్పరంలో 4 ఎలక్ట్రాన్లున్న సిలికాన్ నాలుగు ఆక్సిజన్ పరమాణువులతోనూ, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్ పరమాణువులతోనూ ముడిపడి, రేణువు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే అల్లికగా సాగుతుంది. ఆ అల్లికను నీటి అణువులు తెంచలేవు. కరిగించాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, చిల్లకూరు, కోట ప్రాంతాల తెల్లని సిలికా ఇసుకతో గాజు చేసేవారు అందులో సోడా వంటివి కలిపి ఆ వేడిని తగ్గించుకుంటారు. అభ్రకంలోనూ సిలికాన్, ఆక్సిజన్‌ల బంధాలే ఉన్నా అవి అన్ని దిక్కులకూ కాక రెండు దిక్కులకే విస్తరించి పలకలవుతాయి. అల్యూమినియం రెండు పలకలను గట్టిగా జోడిస్తుంది, అలా జోడించిన పొరకూ, పొరకూ మధ్య నిలిచేవి పొటాషియం అయాన్లు. పొర లోపలి బంధాలు బలమైనవి, పొటాషియం పట్టు బలహీనమైనది కాబట్టి గోరు తగలగానే ఖనిజం ఆ పట్టు దగ్గరే విడిపోతుంది.

రసాయన చర్యలో మారేది ఎలక్ట్రాన్ల పొత్తు మాత్రమే, కేంద్రకాలు చెక్కుచెదరవు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకెళ్ళిన ఎల్‌వీఎం-3 రాకెట్టు పై అంచెలో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ మండి నీటి ఆవిరి అయ్యాయి. చర్యకు ముందున్న హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులే చర్య తరువాతా లెక్కకు లెక్క మిగిలాయి, విడుదలైన శక్తి కొత్త బంధాలు ఏర్పడడం వల్ల వచ్చినది.

కేంద్రకాలు చెక్కుచెదరవన్న ఈ నియమం సేద్యంలో ఎంత కచ్చితంగా పనిచేస్తుందో సంగం నుంచి కనిగిరి జలాశయం దాకా, దాని కింది ఆయకట్టులోనూ విస్తరించిన వరిపొలాల్లో చూడవచ్చు. గాలిలో 78 శాతం నత్రజనే అయినా వరి దుబ్బు నేరుగా దానిని వాడుకోలేదు. ఎందుకంటే రెండు నత్రజని పరమాణువులు మూడు జతల ఎలక్ట్రాన్లను పంచుకొని ఏర్పరచుకున్న బంధం అతి బలమైనది. ఆ బంధాన్ని కర్మాగారంలో అధిక పీడనం, వేడి, ఉత్ప్రేరకాల సాయంతో తెంచి, 46 శాతం నత్రజని ఉండే యూరియాగా రైతుకు అందిస్తున్నారు. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్ల వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు అదే పనిని పొలంలోనే నిశ్శబ్దంగా చేస్తాయి. ఆకులపై తుప్పురంగు మచ్చలతో బయటపడే జింకు లోపం ఇటువంటిది కాదు. జింకు అంటే 30 ప్రోటాన్లున్న కేంద్రకం. బంధాలను తెంచే సూక్ష్మజీవులకు గానీ, ఎరువుకు గానీ, పైరుకు గానీ మరో మూలకపు కేంద్రకాన్ని ఆ సంఖ్యకు మార్చే శక్తి లేదు. అందువల్ల పచ్చిరొట్టను ఎంత కలియదున్నినా, నేలలో జింకు కొరవడిన చోట జింకు సల్ఫేటు వేయక తప్పదు.